దెబ్బ తగిలింది ఎవరికి?

ఏప్రిల్ వచ్చిందంటే డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ళుండే కాలనీల్లో సాయంత్రం నడకకు వచ్చేవాళ్ళు ఒక్కసారిగా పెరుగుతారు. చీర మీద కొడుకు పాత జాకెట్, కాళ్ళకు కోడలు కొనిపెట్టిన స్నీకర్లు, చేతిలో వాట్సాప్ మోగుతున్న ఫోను. ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు. మామూలుగా ఆరు నెలలు ఉంటారు. పగలంతా కొడుకూ కోడలూ ఆఫీసులో, పిల్లలు స్కూల్లో. ఇంట్లో వీళ్ళిద్దరే.

వీళ్ళకు ఇంగ్లీషు రాదనుకుంటే పొరపాటే. బీపీ, షుగర్, స్కానింగ్, అలర్జీ, రిపోర్టు, పెన్షన్, టికెట్, లగేజీ... లెక్కపెడితే ఒక్కొక్కరి దగ్గర వందల కొద్దీ ఇంగ్లీషు మాటలు తేలతాయి. లేనివల్లా ఆ మాటల ముందు నిలబడే చిన్న ముక్కలు. ఐ, యూ, హీ, షీ, ఇట్. వాటిని అంటిపెట్టుకుని వచ్చే యామ్, ఈజ్, ఆర్, డూ, డజ్, హావ్, హాజ్. అరంగుళం కూడా లేని ఈ ముక్కల దగ్గరే అసలు చిక్కంతా.

మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో మీటింగ్ రూమ్ ఉచితంగా ఇస్తారు. శనివారం పొద్దున అక్కడ పదిమందో పన్నెండుమందో పెద్దవాళ్ళతో కూర్చుని మాట్లాడే ఇంగ్లీషు చెప్పడం నాకు మూడేళ్ళుగా అలవాటు. నేను చదివింది కంప్యూటర్ సైన్సు, భాషాశాస్త్రం కాదు. కాబట్టి పాఠాలు పుస్తకంలోంచి కాకుండా వాళ్ళ ఇళ్ళలో జరిగిన వాటిలోంచే వస్తాయి.

నిరుడు గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ చెప్పిన సంగతి ఇది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వాళ్ళాయన బాత్రూమ్‌లో జారిపడ్డారు. కోడలు ముందే నేర్పి ఉంచడంతో ఆవిడ ధైర్యంగా 911కి ఫోన్ చేసింది. "హస్బెండ్. బాత్రూమ్. ఫాలింగ్" అంది. అవతలామెకు అర్థమైంది. "ఈజ్ హీ బ్రీతింగ్?" అని అడిగింది. "ఎస్." "ఈజ్ హీ హర్ట్?" "ఎస్." "ఆర్ యూ హర్ట్?" దానికీ "ఎస్" అనేసింది ఈవిడ. అంబులెన్సు వచ్చింది. వచ్చినవాళ్ళలో ఒకతను నేరుగా ఈవిడ దగ్గరికే వచ్చి కూర్చోబెట్టి, తలా చేతులూ చూడటం మొదలుపెట్టాడట. "నాకేం కాలేదు నాయనా, ముందు ఆయన్ని చూడు అని తెలుగులోనే అరిచానండీ" అంది. అదృష్టం కొద్దీ పెద్దాయనకు తుంటి దగ్గర కమిలిందే తప్ప ఎముక విరగలేదు.

అందరం నవ్వాం. నవ్వు అయ్యాక ఆ రెండు ప్రశ్నలనూ బోర్డు మీద రాసి, తెలుగులో ఎలా అడుగుతారో చెప్పమన్నాను. 'ఈజ్ హీ హర్ట్' అంటే? "దెబ్బ తగిలిందా?" 'ఆర్ యూ హర్ట్' అంటే? మళ్ళీ "దెబ్బ తగిలిందా?"నే. ఎవరికి అన్నది మనం అనం. ఎదురుగా పడ్డ మనిషి ఉన్నాడు, చూపు అటే ఉంది, ఇంకా ఎవరికని ఏమిటి? ఇంగ్లీషులో ఆ 'ఎవరికి' అన్నదంతా మొదటి రెండు ముక్కల్లోనే ఉంటుంది. మన చెవి మాత్రం చివర వచ్చే 'హర్ట్' కోసమే కాచుకుని కూర్చుంటుంది. మన వాక్యంలో ముఖ్యమైన మాట చివరే వస్తుంది కదా.

ఇక్కడే రెండు భాషల కట్టుబడిలో తేడా ఉంది. 'వచ్చాను' అన్నామనుకోండి, నేను అని చెప్పే పనే లేదు. వచ్చావు, వచ్చాడు, వచ్చాం, వచ్చారు: ఎవరో చివరి అక్షరమే చెబుతుంది. 'నేను'లోని నుకారం, 'వాడు'లోని డుకారం, 'వారు'లోని రుకారం క్రియ చివర పోలికలతో సహా కనిపిస్తాయి. ఇంగ్లీషులో వీటన్నిటికీ కలిపి ఉన్నది ఒకే మాట, 'కేమ్'. నేనొచ్చినా కేమే, నువ్వొచ్చినా కేమే, ఊరంతా వచ్చినా కేమే. ముందు పేరో, ఐ, యూ, హీ లాంటిదో తగిలిస్తే తప్ప మనిషి తెలీదు. మా క్లాసుకు వచ్చే రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒకరు దీన్ని ఒక్క ముక్కలో తేల్చేశారు: "వీళ్ళ క్రియకు తోక లేదండీ, అందుకే తలకాయ తప్పనిసరి."

ఇమిగ్రేషన్ ఫారాలు నింపి నింపి అరిగిపోయిన మనలాంటి వాళ్ళకు ఇంకోలా చెప్తాను. ఇంగ్లీషు వాక్యంలో కర్త అనేది ఎర్ర చుక్క పెట్టిన గడి. ఖాళీగా వదిలితే ఫారం ముందుకు కదలదు. అందులో రాయడానికి ఏమీ లేకపోయినా ఏదో ఒకటి రాయాల్సిందే. 'వాన పడుతోంది' అనడానికి వాళ్ళు 'ఇట్ ఈజ్ రైనింగ్' అంటారు. ఆ 'ఇట్' ఎవరు? ఎవరూ కాదు. వర్తించదు అని గడిలో రాసినట్టు, అంతే. 'ఎనిమిదైంది' అంటే 'ఇట్ ఈజ్ ఎయిట్'. 'ఇక్కడ నొప్పి' అంటే 'ఇట్ హర్ట్స్ హియర్'. ఈ ఖాళీ 'ఇట్' సంగతి తెలిశాక పెద్దవాళ్ళకు సగం భయం పోయింది. అప్పటిదాకా దాని అర్థం ఏమిటా అని వెతుక్కుంటూ ఆగిపోయేవారు.

అసలు క్రియే లేకుండా మనం ఎన్ని వాక్యాలు చెప్తామో చూడండి. 'ఈయన మా ఆయన.' 'వాడు మా అబ్బాయి.' 'నా పేరు ఫలానా.' వెతికినా క్రియ కనపడదు, అయినా వాక్యం నిండుగా ఉంటుంది. అదే మాట ఇంగ్లీషులోకి వచ్చేసరికి 'హీ మై సన్' అవుతుంది. ఎయిర్‌పోర్టు కౌంటరులో ఆ మాటకేం ఇబ్బంది రాదు, అర్థమవుతుంది. ఎవరో కోప్పడ్డాక దిద్దుకుందామనుకున్నప్పుడే గొడవ. అప్పుడు కనపడ్డ ప్రతిచోటా ఈజూ యామూ పెట్టేస్తారు. 'ఐ యామ్ గో', 'హీ ఈజ్ కమ్', 'ఐ యామ్ నో'. చివరిదాన్ని వినేవాడు 'ఐ నో' అనుకోవాలా, 'నో' అనుకోవాలా?

అందుకే మా క్లాసులో టెన్సుల జోలికి పోం. ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ నేర్చుకునేలోగా ఆరు నెలలూ అయిపోయి తిరుగు టికెట్ తేదీ వచ్చేస్తుంది. జోడీలు నేర్చుకుంటాం. ఐ యామ్, యూ ఆర్, హీ ఈజ్, షీ ఈజ్, ఇట్ ఈజ్, వీ ఆర్, దే ఆర్. ఐ హావ్, హీ హాజ్. ఐ డోంట్, హీ డజంట్. రెండు మాటలుగా కాదు, ఒకే ఊపిరిలో అనే ఒక్క మాటగా. ఇక్కడివాళ్ళు అనేదీ అలాగే: ఐమ్, హీజ్, షీజ్, వియార్. రెండు నెలలు ఈ జోడీలతోనే ఆడుకున్నాక మిగతావి చాలావరకు వాటంతటవే వస్తాయని నేను చూసిందాన్ని బట్టి చెప్తున్నాను.

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఏది అని అడిగితే మాత్రం నేను 'ఎస్' పేరే చెప్తాను.

క్లినిక్‌లో నర్సు కంప్యూటర్ చూసుకుంటూ "నో అలర్జీస్?" అని అడుగుతుంది. మనకది 'అలర్జీలేం లేవు కదా?' అన్నట్టు వినిపిస్తుంది. లేకపోతే మనం "ఊఁ, లేవు" అంటాం. మన ఊఁ అడిగినవాళ్ళ మాటకు వంత. నువ్వన్నది నిజమే అని. అదే లెక్కన "ఎస్" అంటాం. ఇంగ్లీషు ఎస్ అడిగినవాళ్ళను పట్టించుకోదు, ఉన్న సంగతినే చెబుతుంది. ఉంటే ఎస్, లేకపోతే నో, ప్రశ్న ఎటు తిప్పి అడిగినా సరే. కాబట్టి నర్సు వెంటనే "వాట్ ఆర్ యూ అలర్జిక్ టు?" అని ఇంకో పేజీ తెరుస్తుంది. ఇది నయం, పేజీ ఖాళీగా ఉండిపోతుంది అంతే. దీనికి తిరగేసి జరిగితే? పెన్సిలిన్ పడని ఒక పెద్దాయనను ఇదే ప్రశ్న అడిగారు. ఆయన తల అడ్డంగా ఊపి గట్టిగా "నో" అన్నారు. 'లేకపోవడమేమిటి, ఉంది' అని ఆయన ఉద్దేశం. నర్సు విన్నది 'లేవు' అని. పక్కన కోడలు ఉంది కాబట్టి సరిపోయింది.

దీనికి మందు జోడీయే. ఎస్, నో దగ్గర ఆగకుండా వెనకాల రెండు ముక్కలు చేర్చాలి. 'ఎస్, ఐ యామ్.' 'నో, ఐ యామ్ నాట్.' 'ఎస్, ఐ డూ.' 'నో, ఐ డోంట్.' 'ఎస్, షీ హాజ్.' ఎస్ తప్పుగా పడినా వెనకాల జోడీ పట్టేస్తుంది. 'ఎస్, ఐ డోంట్' అన్నారనుకోండి, నర్సు తలెత్తి చూసి మళ్ళీ అడుగుతుంది. ఆ మళ్ళీ అడగడమే మనకు కావలసింది. నిజానికి తెలుగులో మనం చేసేదీ ఇదే. "తిన్నారా?" అంటే అవును అనం, "తిన్నాను" అంటాం. ఆ అలవాటునే కాస్త అటు తిప్పడం. ఈ పోలిక చెప్పిన రోజున క్లాసులో అందరి ముఖాలూ విప్పారాయి, ఎందుకంటే అది కొత్తగా నేర్చుకోవలసింది కాదు.

ఇందులోనే ఇంకొకటుంది. 'కెన్', 'కాంట్'. 'చెయ్యి ఎత్తగలను' అనడానికి ఇక్కడివాళ్ళు కెన్‌ను మింగేసి లిఫ్ట్‌ను నొక్కుతారు. 'ఎత్తలేను' అనడానికి 'క్యాంట్'ను నొక్కుతారు గానీ చివరి టకారాన్ని వినీ వినపడనట్టు వదిలేస్తారు. మనం రెంటినీ ఒకే బరువుతో అంటాం. ఎత్తగలనన్నారో లేనన్నారో డాక్టరుకు తెలియదు. పెద్దవాళ్ళకు నేనిచ్చే సలహా ఒక్కటే, కాంట్ మానేయండి. 'ఐ కెనాట్' అని పూర్తిగా అనండి. పాతకాలపు మాటలా వినిపిస్తే వినిపించనివ్వండి.

జోడీలు వచ్చాక కూడా ఒక పెద్ద అడ్డంకి మిగులుతుంది. అదంటే నాకు మొదటినుంచీ మహా ఇష్టం. తెలుగులో ఆకలి, దాహం, జ్వరం, భయం, కోపం ఇవన్నీ ఎక్కణ్ణించో వచ్చేవే. నాకు ఆకలేస్తోంది. నాకు జ్వరం వచ్చింది. నాకు భయంగా ఉంది. నాకు తెలుసు. నాకు కావాలి. నాకు ఇద్దరు పిల్లలు. మనం ఓ పక్కన నిలబడి ఉంటాం, అవి వచ్చి పోతుంటాయి. ఇంగ్లీషులో ఇవన్నీ 'నేను' చేసే పనులో, నా దగ్గరున్న వస్తువులో అయిపోతాయి. ఐ యామ్ హంగ్రీ. ఐ హావ్ ఫీవర్. ఐ యామ్ స్కేర్డ్. ఐ నో. ఐ వాంట్. ఐ హావ్ టూ చిల్డ్రన్. 'నాకు' అన్న ప్రతిచోటా 'టు మీ' అని మొదలుపెడితే వాక్యం ఎక్కడికీ తేలదు.

పెద్దవాళ్ళ జబ్బులన్నీ ఈ 'నాకు'లోనే ఉంటాయి. 'నాకు కళ్ళు తిరుగుతున్నాయి' అన్నదాన్ని మాటకు మాట మార్చి 'మై ఐస్ ఆర్ రోటేటింగ్' అంటే వాళ్ళు కంటి డాక్టరు దగ్గరికి పంపినా ఆశ్చర్యం లేదు. 'ఐ యామ్ డిజీ' అనాలి. 'చెమటలు పడుతున్నాయి' అంటే 'ఐ యామ్ స్వెటింగ్'. 'ఊపిరి ఆడటం లేదు' అంటే 'ఐ కెనాట్ బ్రీత్'. 'కడుపులో తిప్పుతోంది' అంటే 'ఐ ఫీల్ సిక్'. ఈ నాలుగు వాక్యాలూ మా క్లాసులో అందరికీ నిద్రలో లేపి అడిగినా వస్తాయి. మాటకు మాట వెతకొద్దు, ముందు 'ఐ' అనేసి ఆ తర్వాత ఆలోచించండి అని చెప్తాను. ముందు 'ఐ' పడితే సగం వాక్యం పట్టాల మీదికి ఎక్కినట్టే.

మందుల దగ్గర డూ, డిడ్ తేడా ఒక్కటి గట్టిగా పట్టుకోవాలి. 'డూ యూ టేక్ బీపీ టాబ్లెట్?' అంటే రోజూ వేసుకుంటారా అని. 'డిడ్ యూ టేక్ ఇట్?' అంటే ఇవాళ వేసుకున్నారా అని. మన వేసుకుంటారా, వేసుకున్నారా లాగే రెండూ దగ్గర దగ్గరగా వినిపిస్తాయి. జవాబు కూడా అడిగిన ముక్కతోనే ఇవ్వాలి. డూతో అడిగితే ఐ డూ, డిడ్‌తో అడిగితే ఐ డిడ్. ఇవాళ వేసుకోలేదంటే 'ఐ డిడ్ నాట్'. టుక్, టేకెన్ లాంటివి వచ్చినా సరే, రాకపోయినా సరే.

హీ, షీ తడబాటు గురించి పిల్లలు తెగ నవ్వుతారు. తాతయ్య నానమ్మను పట్టుకుని 'హీ హాజ్ నీ పెయిన్' అంటారు. ఇది తెలియనితనం కాదు, మర్యాద. ఆయన వచ్చారు, ఆవిడ వచ్చారు: 'రు' పెట్టగానే ఆడా మగా తేడా చెరిగిపోతుంది. ఇక కర్తను వదిలేసి 'వచ్చారు' అని మాత్రమే అంటే అసలు ఆ ప్రశ్నే లేదు. అరవై ఏళ్ళు అలా మాట్లాడిన మనిషిని ప్రతి వాక్యానికి ముందు హీనా షీనా తేల్చమంటే నోరు తడబడదా?

మర్యాద తీసేస్తే ఇంకో చిత్రం ఉంది. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. క్రియ ఒకటే. మన వ్యాకరణాలు దీనికి మహత్తు, అమహత్తు అని పేర్లు పెట్టుకున్నాయి. నలుగురు ఆడవాళ్ళు కలిస్తేగానీ 'వచ్చారు' అని మనుషుల్లో చేర్చరు, ఒక్కతే అయితే బస్సుతో సమానం. ఈ సంగతి మీద మా క్లాసులోని ఆడవాళ్ళు చేసిన వ్యాఖ్యలు పత్రికలో రాయదగినవి కావు.

క్రియ చివర వచ్చే 'ఎస్' గురించి అందరూ దిగులు పడతారు, షీ గోస్, హీ ఈట్స్ అని. నా మటుకు నేను దానికి చివరి స్థానమే ఇస్తాను. 'షీ గో' అన్నా ఎవరికీ హాని లేదు. ఒకప్పుడు ఇంగ్లీషులోనూ మనలాగే మనిషికో తోక ఉండేది. ఒక్కొక్కటే ఊడిపోయి ఇప్పటికి ఆ ఎస్ ఒక్కటే మిగిలింది. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో నీవుకు 'దౌ' అనీ, ఆ దౌ పక్కన క్రియకు వేరే తోకా కనిపిస్తాయి. అప్పట్లో యూ అనేది బహువచనం, పెద్దవాళ్ళకు మర్యాదగానూ వాడేవారు. వాడగా వాడగా అందరికీ యూ అయిపోయి, దౌ మరుగున పడింది. అంటే వీళ్ళు నువ్వును వదిలేసి లోకమంతటినీ మీరు అంటున్నారన్నమాట. ఒక్కరితో మాట్లాడుతున్నా 'యూ ఈజ్' అనకుండా 'యూ ఆర్' అని ఎందుకంటారో ఇప్పుడు తెలిసింది కదా. మనవడు యూ అంటే తాతగారు చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

మనవరాలి క్లాసులో ఒక స్నేహితురాలినో స్నేహితుడినో 'దే' అనాలట, ఒక్కరే కదా, అదేం వింత అని ఒకావిడ అడిగింది. మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు 2019లో ఈ 'దే'నే ఆ ఏటి మాటగా ప్రకటించింది. ఒక మనిషిని దే అనడం ఇంగ్లీషులో కొన్ని వందల ఏళ్ళుగా ఉన్నదే, ఇప్పుడు కొందరు తమకోసం అదే కోరుకుంటున్నారు. ఆవిడను నేను తిరిగి అడిగాను: "మీ అల్లుడిగారు వస్తే ఏమంటారు?" "అల్లుడుగారు వచ్చారంటాం." "ఒక్కరే కదండీ?" ఆవిడ నవ్వేసింది. ఎదుటివాళ్ళు కోరిన మర్యాద ఇవ్వడం మన భాషకు కొత్తేం కాదు.

ఇంతవరకూ పెద్దవాళ్ళ సంగతి. పిల్లల తెలుగులో ఇదే చిక్కు అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. వాళ్ళ చెవి మొదటి రెండు ముక్కలకే అలవాటు పడింది, చివర వచ్చే తోకను పట్టించుకోదు. అందుకే 'తాతయ్య వచ్చింది' అంటారు. పైగా ప్రతి వాక్యానికీ కర్త కావాలి వాళ్ళకు. 'నేను తిన్నాను. నేను బ్యాగ్ సర్దుకున్నాను. నేను ఆడుకుంటాను.' ఏమిటే అంతా నేను నేను అంటావు అని అమ్మమ్మ విసుక్కుంటుంది. పిల్లకు అర్థం కాదు. అది గర్వం కాదు, ఇంగ్లీషు ఫారంలో ఎర్ర చుక్క.

అన్నిటికంటే నొప్పించేది మేము, మనం. ఇంగ్లీషు వీకి ఆ తేడా లేదు. ఒకింట్లో మనవడు నానమ్మ దగ్గరికి పరిగెత్తుకొచ్చి "నానమ్మా, మేము సినిమాకి వెళ్తున్నాం" అన్నాడట. వాడి మనసులో ఆ వీలో నానమ్మ కూడా ఉంది. ఆవిడ మాత్రం "వెళ్ళిరండి నాన్నా" అని చీర మార్చుకోకుండా టీవీ ముందు కూర్చుంది. అందరూ కారెక్కాక కోడలు వెనక్కి వచ్చి "అత్తయ్యా, మీరింకా తయారవలేదేం?" అనేదాకా పిలిచారని ఆవిడకు తెలియదు. కోడలు తిరిగి రాకపోతే ఆ సాయంత్రమంతా ఆవిడ ఏమనుకుని ఉండేదో ఊహించుకోండి. పిల్లలకు తెలుగులో ఒక్కటే నేర్పే వీలుంటే నేను ముందు ఈ మాటే నేర్పుతాను, అచ్చులూ హల్లులూ తర్వాత.

డాక్టర్ల వీ కూడా అలాంటిదే. 'వీ నీడ్ టు డూ ఎ టెస్ట్' అంటే వాళ్ళు చేస్తారు, 'వీ కెన్ వెయిట్' అంటే ఆగాలో వద్దో మనం తేల్చుకోవాలేమో. అనుమానం వస్తే 'డూ ఐ డిసైడ్, ఆర్ డూ యూ?' అని అడగమని చెప్తాను. ఆ వాక్యం కంఠతా పట్టిన వరంగల్ ఆయన ఒకరు దాన్ని కార్డియాలజిస్టు దగ్గర ప్రయోగించి, పావుగంట సేపు వివరంగా చెప్పించుకుని వచ్చారు.

ఇప్పుడు మా క్లాసుకు వచ్చే రెండు మూడు ఇళ్ళలో ఒక ఆట నడుస్తోంది. కారులో వెళ్ళేటప్పుడు నానమ్మ 'తిన్నా...' అని ఆగి ఎవరో ఒకరిని వేలితో చూపిస్తుంది. మనవరాలు తోక తగిలించాలి: తిన్నాను, తిన్నావు, తిన్నాడు, తిన్నాం, తిన్నారు. అమ్మను చూపిస్తే 'తిన్నది' అనాలా 'తిన్నారు' అనాలా అన్నదాని మీద ఒకింట్లో పంచాయితీ కూడా అయింది. ఇళ్ళను బట్టి ఉంటుందది, నేను తలదూర్చలేదు. తర్వాత మనవరాలి వంతు. "ఆర్ యూ టైర్డ్? ఈజ్ తాతయ్య స్లీపింగ్? డిడ్ హీ టేక్ హిజ్ టాబ్లెట్?" అని గబగబా అడుగుతుంది. నానమ్మ ఉత్త ఎస్ అంటే పాయింటు లేదు. "నో, ఐ యామ్ నాట్. ఎస్, హీ ఈజ్. ఎస్, హీ డిడ్" అనాలి.

ఇదంతా నేర్చుకున్నా ఆస్పత్రిలో మాత్రం తెలుగు దుబాసీని అడగండి. ప్రభుత్వ నిధులు అందుకునే ఆస్పత్రులు ఇంగ్లీషు సరిగా రాని రోగికి డబ్బు తీసుకోకుండా ఇంటర్‌ప్రెటర్‌ను ఏర్పాటు చేయాలి. 1964 నాటి పౌరహక్కుల చట్టం నుంచీ ఆ బాధ్యత వాళ్ళ మీద ఉంది. ఎక్కువసార్లు ఫోను మీదో, స్క్రీను మీదో వస్తారు. పన్నెండేళ్ళ మనవడిని పక్కన నిలబెట్టి అమ్మమ్మ జబ్బు గురించి చెప్పించకండి. అత్యవసరమైతే తప్ప పిల్లలతో ఆ పని చేయించకూడదని అక్కడి నిబంధనలే చెబుతున్నాయి. 911కి చేసినప్పుడు కూడా 'తెలుగు' అని భాష పేరు చెబితే చాలాచోట్ల ఇంటర్‌ప్రెటర్‌ను లైనులోకి కలుపుతారు. ఆ మనిషి వచ్చేలోగా గడిచే నిమిషాలకే ఈ జోడీలు.

మా విద్యార్థుల ఇళ్ళలో ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉంటుంది, తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో. పైన ఇంటి నంబరు, వీధి పేరు. కింద 'హీ ఫెల్', 'షీ ఫెల్', 'ఐ ఫెల్'. ఆ కింద 'హీ ఈజ్ బ్రీతింగ్', 'హీ ఈజ్ నాట్ బ్రీతింగ్'. ఆ తర్వాత 'ఐ యామ్ ఓకే'. గుంటూరు ఆవిడ తన కాగితం మీద ఈ చివరి వాక్యాన్ని ఎర్ర ఇంకుతో రెండుసార్లు రాసుకుంది.